నాన్న తెచ్చిన పింగాణీ, అమ్మ చేయించిన షోకేసు

మా ఇంటికి పింగాణీ సామాను మద్రాసు నుంచి రైల్లో వచ్చింది. నాన్నది రైల్వే ఉద్యోగం, డ్యూటీ మీద మద్రాసు వెళ్తూ వస్తూ ఉండేవారు. సెంట్రల్ స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్ ఉండేది కదా, 1985లో తగలబడిపోయిందే, ఆ ఎర్ర కట్టడం. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, గడియారాలు, చిలకలు, ఒకటేమిటి, అక్కడ దొరకని వస్తువు ఉండేది కాదనేవారు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామానులో ఆయనకి ఆ సెట్టు కనపడింది. పెద్ద ప్లేట్లు, చిన్న ప్లేట్లు, కప్పులు, సాసర్లు, ఒక టీ కెటిలు, పాల జగ్గు, మూత ఉన్న చక్కెర గిన్నె, కోడిగుడ్డు ఆకారంలో ఒక పెద్ద పళ్ళెం. తెలుపు మీద నీలం తీగె, అంచుకి సన్నటి బంగారు గీత. వెదురు బుట్టలో వరిగడ్డి పరిచి, ఒక్కోదాన్ని పాత పేపర్లో చుట్టి, బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని రాత్రంతా నిద్రపోకుండా తెచ్చారు. ఇంటికొచ్చాక విప్పితే ఒక్క సాసరుకి మాత్రం అంచు లేచింది, మిగతావన్నీ క్షేమం.

1978 ప్రాంతం అది. బెజవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. మాకు డైనింగ్ టేబుల్ కూడా లేదు, పీటలు వేసుకుని కింద కూర్చుని తినేవాళ్ళం, కాఫీలు స్టీలు గ్లాసుల్లో. మరి ఈ సామాను ఎందుకు తెచ్చారండీ అని అమ్మ అడిగితే నాన్న దగ్గర ఒకటే జవాబు, "ఆ నీలం చూడు, ఎంత బాగుందో" అని. అమ్మకి ఆ జవాబు సరిపోయింది. నాకు ఇప్పటికీ సరిపోతుంది.

నాయనమ్మకి మాత్రం సరిపోలేదు. పింగాణీ వంటింటి గడప దాటడానికి వీల్లేదంది. ఇత్తడి, కంచు అయితే చింతపండు పెట్టి తోమితే శుద్ధి అవుతాయి, స్టీలైనా పరవాలేదు, మట్టితో చేసినదానికి ఎంగిలి అంటితే ఇక పోదు అన్నది ఆవిడ పట్టింపు. మరి ఆవకాయ జాడీ, మాగాయ జాడీ కూడా పింగాణీవే కదా, అవి వంటింట్లో అటక కింద వరసగా ఉండేవి. జాడీకి ఎవరూ నోరు పెట్టరు, కప్పుకి నోరు పెడతాం, అదీ తేడా. ఆలోచిస్తే అందులో ఒక పద్ధతి ఉంది, కాదనలేం.

దానికి తోడు ప్లేటు వెనక ఇంగ్లీషులో బోన్ చైనా అని రాసి ఉందని మా చిన్నాన్న పైకి చదివి వినిపించారు. బోన్ చైనా మట్టిలో నిజంగానే పశువుల ఎముకల బూడిద కలుపుతారు, మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో స్పోడ్ కుటుంబం వాళ్ళు కుదిర్చిన పద్ధతి అది. ఆ బూడిద వల్లే అంత తెలుపు, అంత పల్చదనం. దీపం ముందు పట్టుకుంటే వెనకనుంచి వేళ్ళ నీడ కనిపిస్తుంది, అయినా చూసినంత అల్పమైన సరుకు కాదు, గట్టిది. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం నాయనమ్మ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

మా అమ్మ పుట్టిల్లు చీరాల వైపు. ఆ ఏడు పండక్కి వచ్చిన మావయ్య, ఆయన స్కూల్లో సోషల్ చెప్పేవారు, నాయనమ్మకి నచ్చజెప్పాలని చూశారు. "చైనా సామాను మనకి కొత్తేం కాదు పిన్నిగారూ, మా మోటుపల్లి రేవులో కాకతీయుల నాడే దిగింది, మొన్న తవ్వితే పెంకులు బయటపడ్డాయి, సముద్రం మీద వచ్చే వర్తకులకి అభయం ఇస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఇప్పటికీ ఆ ఊరి గుళ్ళోనే ఉంది" అని చాలా చెప్పారు. నాయనమ్మ అంతా విని, "రేవులో దిగితే దిగింది నాయనా, మడివంటలోకి దిగలేదుగా" అంది. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

అదిగో, అలా షోకేసు అవసరం పడింది. వంటింట్లో చోటు లేదు, బుట్టలోనే మంచం కింద ఉంచేస్తే ఎవరో ఒకరి కాలు తగులుతుంది. నాన్న బీసెంట్ రోడ్డులో ఫర్నిచర్ కొట్టుకి తీసుకెళ్ళి రెండు మూడు రకాలు చూపించారు గానీ అమ్మకి నచ్చలేదు, ఇంట్లోనే చేయిద్దామంది. కృష్ణలంక నుంచి ఒక వడ్రంగి మేస్త్రి గారు సైకిల్ మీద వచ్చారు, వెనక క్యారేజీకి గోనెసంచీలో రంపం, బాడిస, ఉలులు. అమ్మ అప్పటికే ఎక్కడో పుస్తకంలో చూసి ఒక బొమ్మ గీసి పెట్టుకుంది, పైన కిరీటంలాగా చెక్కుడు పని, రెండు వైపులా స్తంభాలు. ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని పక్కన పెట్టి, "ముందు సామాను చూపించండమ్మగారూ, బీరువా సంగతి తర్వాత" అన్నారు.

వసారాలో చాప పరిచి సామానంతా తెచ్చి పెట్టాం. మేస్త్రి గారు చేతులు కడుక్కుని వచ్చి ఒక్కోటీ తీసి చూశారు. పేపరు పరిచి పెద్ద ప్లేటు బోర్లించి పెన్సిలుతో చుట్టూ గీత గీశారు, చిన్న ప్లేటుకి ఒకటి, సాసరుకి ఒకటి, ఆ పెద్ద పళ్ళేనికి ఒకటి. కెటిలు పక్కన కర్ర నిలబెట్టి ఎత్తు చూశారు, మూతతో ఎత్తు, మూత తీసేటప్పుడు చెయ్యి పట్టే ఎత్తు, రెండూ. తర్వాత అమ్మని గోడకి ఆనుకుని నిలబడమని, చెయ్యి పైకెత్తమని, వేళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ గోడ మీద ఒక గీత పెట్టారు. "ఇంతకంటే పైన అర ఉంటే మీరు స్టూలు ఎక్కుతారు, స్టూలెక్కి పింగాణీ దింపకూడదు" అన్నారు. ఆ గీత మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా గోడ మీద ఉంది, సున్నం వేయించినప్పుడల్లా అమ్మ దాన్ని వదిలేయమనేది.

పెద్ద ప్లేటు పదిన్నర అంగుళాలు వచ్చింది. కొట్లో చూసిన షోకేసులు లోపల లోతు 9, 10 అంగుళాలే, పుస్తకాలకీ బొమ్మలకీ సరిపోతాయి గానీ ప్లేటు పడుకోబెడితే తలుపు మూసుకోదు. మేస్త్రి గారు లోపలి లోతు 13 అంగుళాలు పెట్టారు, వెనక్కి చెయ్యి పెట్టి ప్లేటు తీయడానికి సందు ఉండాలి కదా. కింది సగం చెక్క తలుపులు, పై సగం అద్దాలు. దొంతరలు పెట్టిన ప్లేట్లు కింద, కప్పులూ కెటిలూ పైన. ఒక పెద్ద ప్లేటు అరకేజీ పైన తూగుతుంది, డజను ప్లేట్లంటే ఏడెనిమిది కేజీలు ఒక్కచోటే; ఆ బరువు పైన పెడితే అర మధ్యలో కుంగుతుంది, బీరువా ముందుకు తూలుతుంది. మూడడుగుల పొడుగు అర అయితే మధ్యలో ఒక ఊతం ఉండి తీరాలని అప్పుడే విన్నాను. పెద్ద పళ్ళెం నిలబెట్టడానికి పై అరలో వెనకవైపు, పలకకి 2 అంగుళాలు ఇవతలగా, పొడుగునా సన్నటి గాడి తీశారు. పళ్ళెం అంచు ఆ గాడిలో కూర్చుంటే జారదు, తీగె మొత్తం ఎదురుగా కనపడుతుంది. ఆ గాడి తీసిన రోజు నాకు బాగా గుర్తు, పెద్ద పనులన్నిటి కంటే దానికే ఆయన ఎక్కువసేపు కూర్చున్నారు, ఉలితో కొంచెం కొంచెం తీసి, పళ్ళెం పెట్టి చూసి, మళ్ళీ తీసి.

అమ్మ గీసిన కిరీటం మాత్రం వద్దన్నారు. "చెక్కుడులో దుమ్ము కూర్చుంటుంది, మీరే తుడుచుకోవాలి" అన్నారు. అమ్మ రెండు రోజులు చిన్నబుచ్చుకుంది, తర్వాత ఒప్పుకుంది.

కర్ర టేకు. అడితీలో నాన్న, మేస్త్రి గారు కలిసి ఎంచి తెచ్చారు. మేకులు బాగా తక్కువ, చెక్కలో చెక్క దిగేట్టు చేసి అతికారు. చిత్రిక పడుతుంటే రాలే చుట్టలు ఏరుకోవడానికి నేనూ మా చెల్లీ పోటీ పడేవాళ్ళం. చివర్లో లక్క, స్పిరిట్ కలిపి గుడ్డతో పాలిష్, ఆ వాసన వారం దాకా ఇంట్లోనే ఉంది. నాలుగంగుళాల కాళ్ళు పెట్టించారు, కిందకి చీపురు వెళ్ళాలి, తడిగుడ్డ వెళ్ళాలి, చెదపురుగు వస్తే కనపడాలి అని. వెనక నుంచి గోడకి రెండు చోట్ల ఇనప పట్టీలతో బిగించారు, పిల్లలున్న ఇల్లు కదా అని.

అద్దాల దగ్గర పెద్ద చర్చే జరిగింది. అప్పట్లో అందరి ఇళ్ళల్లోనూ గాడిలో అటూ ఇటూ జరిపే అద్దాలే. చౌక, తలుపు తెరవడానికి ముందు చోటు అక్కర్లేదు. కానీ ఎప్పుడు తీసినా సగమే తెరుచుకుంటుంది, రెండద్దాల మధ్య సందులోంచి దుమ్ము లోపలికి పోతుంది, కింద గాడిలో ఇసక చేరి గీరుకుంటుంది. వెడల్పు పళ్ళెం తీయాలంటే పక్కకి వంచాలి, అక్కడే దెబ్బ తగులుతుంది. మేస్త్రి గారు చెక్క చట్రంలో అద్దం బిగించి బందులమీద తెరుచుకునే తలుపులు చేశారు. రెండు తలుపులూ తెరిస్తే అర మొత్తం చేతికి అందుతుంది. నన్నడిగితే ఈ రోజుకీ ఇదే సరైన పద్ధతి, ఇంట్లో తలుపు తెరిచేంత చోటు ఉంటే మరో ఆలోచన అనవసరం.

మా ఇంటికి దగ్గర్లోనే రైలు పట్టాలు, ఇప్పుడు అవి తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా షోకేసులో కప్పులు సన్నగా మోగేవి. అలా రాసుకుంటే పింగాణీకి మంచిది కాదు. ప్లేటు అడుగున ఉండే ఆ గుండ్రటి అంచుకి మెరుపు పూత ఉండదు, గరుకుగా ఉంటుంది, దాని కిందున్న ప్లేటు మీద గీతలు పడతాయి. అమ్మ పాత బ్లాంకెట్ కత్తిరించి ప్లేటుకీ ప్లేటుకీ మధ్య గుండ్రటి గుడ్డ ముక్కలు వేసింది, అరల మీద కూడా పరిచింది. కప్పులు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి పెట్టనిచ్చేది కాదు. కొంతమంది కొక్కేలకి వేలాడదీస్తారు, చూడ్డానికి బాగుంటుంది గానీ బరువంతా పిడి మీదే పడుతుంది, పాత కప్పులకి అది చాలా ప్రమాదం.

కడగడం కూడా అమ్మే, ఎవరికీ ఇచ్చేది కాదు. ఇత్తడి బేసినులో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ఒక్కోటీ. ఒకసారి అమ్మ ఊళ్ళో లేనప్పుడు పనిమనిషి పాపం శుభ్రంగా ఉండాలని బూడిదతో తోమింది, రెండు ప్లేట్లకి బంగారు గీత సగం పోయింది. అమ్మ ఏమీ అనలేదు, ఆ రెండిటినీ పక్కన పెట్టి వాటిలోనే మాకు బిస్కట్లు పెట్టడం మొదలుపెట్టింది. దాంతో మాకు పింగాణీలో తినే భాగ్యం కలిగింది. అందుకే ఆ రెండు ప్లేట్లూ నాకు మిగతావాటి కంటే ఇష్టం.

మధ్య అరలో ఒక పక్క కొండపల్లి బొమ్మలు ఉండేవి. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి. కొండపల్లి మాకు దగ్గరే కదా, వచ్చిన చుట్టాలని తీసుకెళ్ళినప్పుడల్లా ఒకటి చేరేది. ముందు షోకేసు కిటికీకి ఎదురుగా పెట్టాం, వెలుతురులో నీలం బాగా కనపడుతుందని. ఒక వేసవి గడిచేసరికి ఏనుగు ఎరుపు వెలిసిపోయింది. పింగాణీ మీది రంగు పూత కింద కాలిన రంగు, దానికి ఎండ లెక్కలేదు. బొమ్మలు చేసే పొణికి చెక్క మీద వేసిన రంగు అలా కాదు. అప్పటినుంచి షోకేసు పడమటి గోడకి మారింది, ఎండ నేరుగా పడని చోటికి. అక్కడ నుంచే భోజనాల గది అనేది మొదలైంది మా ఇంట్లో. షోకేసు ముందు, టేబుల్ తర్వాత, నాలుగైదేళ్ళకి.

ఒకసారి సెలవల్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. అందరూ గంట కొట్టే గడియారం దగ్గర గుంపుగా కూర్చుంటే అమ్మ పింగాణీ గదులు వదిలి రాలేదు. చైనావి, ఫ్రాన్స్ వాళ్ళ సెవ్ర్, జర్మనీ వాళ్ళ డ్రెస్డెన్, ఇంగ్లండు వెడ్జ్‌వుడ్. పళ్ళేలు ఎలా నిలబెట్టారు, ఎంత ఎడం ఇచ్చారు, ఏవి కంటి ఎత్తులో పెట్టారు, అవన్నీ చూసింది. ఇంటికొచ్చాక సగం కప్పులు తీసి కింది అరలోకి దింపేసింది. అన్నీ కిక్కిరిసి ఉంటే దేన్నీ చూడలేం, నాలుగు ఉంటే నాలుగూ చూస్తాం అంది. నాకు తెలిసి షోకేసు సర్దడం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నేను వినలేదు.

నాయనమ్మ చివరి రోజుల్లో చేతులు వణికేవి, స్టీలు గ్లాసు వేడి పట్టుకోలేకపోయేది. ఒకరోజు తనే అడిగింది, "ఆ పిడి ఉన్నదాంట్లో ఇవ్వవే కాఫీ" అని. అమ్మ తాళం తీసి, నీలం తీగె కప్పులో ఇచ్చింది. ఆ రోజు నుంచి నాయనమ్మ కప్పు అని ఒకటి వేరుగా ఉండేది.

షోకేసు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, మొగల్రాజపురంలో. చెల్లి గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది, కెటిలూ పాల జగ్గూ దాని దగ్గర. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని కూతురి ఇంట్లో నడుములోతు నీళ్ళు వచ్చాయి, రోజుల తరబడి తియ్యలేదు. కొత్తగా చేయించిన క్రాకరీ యూనిట్ పొట్టు చెక్కది, అంటే రంపపు పొట్టు జిగురుతో నొక్కి చేసింది, నానిన రొట్టెలా ఉబ్బి విడిపోయింది, బందుల స్క్రూలు చేత్తో లాగితే వచ్చేశాయి. వాళ్ళ అత్తగారి నాటి టేకు బీరువా తలుపులు బిగుసుకున్నాయి, ఎండాక మళ్ళీ కదిలాయి. బురదలో పడి ఉన్న పింగాణీ ప్లేట్లని మేమంతా వెళ్ళి కడిగితే కొత్తవాటిలా బయటికి వచ్చాయి, పూత మీద వెంట్రుకవాసి పగుళ్ళున్న పాత మగ్గులకే మరక లోపలికి దిగింది. ఆ తర్వాత నుంచి ఎవరైనా అడిగితే కర్ర సంగతి మొహమాటం లేకుండా చెప్తున్నాను. అంతా టేకు అంటే ఇప్పటి ధరల్లో అందరి వల్లా కాదు, నిజమే. కనీసం నేలకి దగ్గరగా ఉండే భాగం, బరువు మోసే అరలు మంచి ప్లైవుడ్‌వి వేయించుకోండి, డబ్బు తగ్గించుకోవాలంటే తలుపుల డిజైన్లలో తగ్గించుకోండి.

మా అబ్బాయి వాళ్ళు ఈ మధ్య కానూరులో ఫ్లాట్ తీసుకున్నారు. ఇంటీరియర్ వాళ్ళు చూపించిన యూనిట్లన్నీ మెరిసిపోతున్నాయి, లోపల లైట్లు, గాజు అరలు. లైట్లు ఇప్పుడు ఎల్ఈడీలే కాబట్టి వేడి బాధ లేదు, మంచిదే. గాజు అరలు అందంగానే ఉంటాయి, లైటు కింది అర దాకా దిగుతుంది, కానీ 5 మిల్లీమీటర్ల గాజు మీద ప్లేట్ల దొంతర పెడతామంటే నేను ఒప్పుకోను, మూడడుగుల అరకి 8 మిల్లీమీటర్లదైనా ఉండాలి, దాని మీద కూడా కప్పులే. లోతు అడిగితే ఆ అబ్బాయి "పన్నెండు అంగుళాలు ఆంటీ, స్టాండర్డ్" అన్నాడు. పన్నెండు బయటి కొలత. తలుపూ, వెనక పలకా పోగా లోపల పదిన్నర మిగులుతుంది, మా ప్లేటు సరిగ్గా పదిన్నర. మా కోడలు వెంటనే ఒక ప్లేటు పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని వాళ్ళ ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించింది. పాత మేస్త్రి గారిని చూడకుండానే ఆయన పద్ధతి పట్టింది, మా అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో.

చివరికి బొమ్మ వాళ్ళదే, పని మాత్రం మా పాత మేస్త్రి గారి అబ్బాయికి ఇచ్చాం, భవానీపురంలో వర్క్‌షాపు పెట్టుకున్నాడు. లోపల 13 అంగుళాలు, వెనక గాడి, అరలు పైకీ కిందకీ మార్చుకునేలా పిన్నులు. పెద్ద ప్లేట్లు సగం వాళ్ళకి ఇస్తున్నాను, నాయనమ్మ కప్పు ఇస్తున్నాను, బంగారు గీత ఉన్నవి మైక్రోవేవ్‌లో పెట్టొద్దని మరీ మరీ చెప్పాను, నిప్పురవ్వలు వస్తాయి. రోజూ వాడుకుంటామత్తయ్యా అంటోంది కోడలు, వాడుకోమన్నాను. అద్దం దగ్గరే ఇంకా తేలలేదు. తను గీతల అద్దం అంటోంది, లోపల సర్దకపోయినా కనపడదని. నేను మామూలు తెల్లద్దమే అంటున్నాను, నీలం కనపడాలి కదా. మేస్త్రి గారబ్బాయి ఆదివారం కొలతలకి వస్తానన్నాడు, సామానంతా బయట పెట్టి ఉంచమన్నాడు.